తప్పిపోయిన మేల్కొలుపు: కెర్నెల్‌లో థ్రెడ్లు నిద్రలోనే ఎందుకు ఉండిపోతాయి

సర్వర్‌లో ఒక ప్రోగ్రామ్ స్పందించడం మానేస్తుంది. ప్రాసెసర్ ఖాళీగా ఉంటుంది, మెమరీకి కొరత ఉండదు, లాగ్‌లో ఒక్క దోషమూ నమోదు కాదు. దోషాలు వెతికే డీబగ్గర్‌తో లోపలికి చూస్తే ఒక థ్రెడ్ (ప్రోగ్రామ్‌లో విడిగా నడిచే పనుల వరుస) డేటా కోసం ఎదురుచూస్తూ నిద్రలో కనిపిస్తుంది. ఆ డేటా ఎప్పుడో వచ్చి బఫర్‌లో కూర్చుంది. దాన్ని తెచ్చిన థ్రెడ్ నిద్రపోతున్నవారిని లేపే ఫంక్షన్‌ను పిలిచింది కూడా. అయినా మొదటి థ్రెడ్ లేవలేదు, ఇకపై లేపేవారూ లేరు.

దీన్ని తప్పిపోయిన మేల్కొలుపు అంటారు. ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ అయిన కెర్నెల్ దోషాల్లో ఇంత మొండిది అరుదు. క్రాష్ జరిగితే ఏ ఫంక్షన్ల దగ్గర ఆగిందో చెప్పే స్టాక్ జాడ మిగులుతుంది, డేటా చెడిపోతే చెడిన డేటాయే సాక్ష్యం అవుతుంది. ఇక్కడ జరగవలసినది జరగకపోవడమే దోషం కాబట్టి పట్టుకోవడానికి ఏదీ చిక్కదు. కారణం వెతుకుదామని ఒక ప్రింట్ లైను చేర్చినా సమయాల లెక్క మారిపోయి దోషం కనుమరుగవుతుంది. అందుకే నిద్ర, మేల్కొలుపు తర్కాన్ని పరీక్షల మీద భారం వేసి రాయకూడదు. అది సరైనదని రాసేటప్పుడే నిరూపించుకోవాలి.

అసలు థ్రెడ్‌ను నిద్రపుచ్చడం దేనికి? డిస్కు నుంచి బ్లాకు రావాలన్నా, నెట్‌వర్క్ నుంచి ప్యాకెట్ రావాలన్నా, మరో థ్రెడ్ లాక్ (ఒకసారికి ఒక్కరే వాడేలా చూసే తాళం) విడిచిపెట్టాలన్నా ప్రాసెసర్ వేగంతో పోలిస్తే చాలా కాలం పడుతుంది. అంతసేపూ షరతును పదేపదే పరీక్షిస్తూ తిరిగితే ప్రాసెసర్ సమయం, విద్యుత్తు రెండూ వృథా. అందుకే కెర్నెల్ ఆ థ్రెడ్‌ను నడిచేవాటి వరుస నుంచి తీసేసి మరొకదానికి అవకాశం ఇస్తుంది. ఆ క్షణం నుంచి ఆ థ్రెడ్ చేతిలో ఏమీ ఉండదు. షరతు నెరవేరిందో లేదో అది తనంతట తాను చూసుకోలేదు. దాని భవిష్యత్తు మొత్తం మరొకరు సరైన సమయంలో చేసే ఒక పిలుపు మీద ఆధారపడి ఉంటుంది.

ప్రమాదం ఎక్కడుందో చూడాలంటే అమాయకంగా కనిపించే ఒక క్రమాన్ని తీసుకుందాం. థ్రెడ్ షరతును పరీక్షిస్తుంది, డేటా ఇంకా రాలేదు, కాబట్టి నిద్రకు ఉపక్రమిస్తుంది. పరీక్షకూ నిద్రకూ మధ్య కొన్ని యంత్ర సూచనల ఎడం ఉంటుంది. సరిగ్గా ఆ ఎడంలో ఇంటరప్ట్ (నడుస్తున్న పనిని ఆపి పరికరం ప్రాసెసర్‌కు ఇచ్చే సంకేతం) వచ్చిందనుకుందాం. అది డేటాను బఫర్‌లో పెట్టి, నిద్రలో ఉన్నవారి కోసం వెతుకుతుంది. మన థ్రెడ్ ఇంకా నిద్రపోలేదు కాబట్టి ఎవరూ కనబడరు. ఇంటరప్ట్ తన పని ముగిస్తుంది. థ్రెడ్ ముందే చేసుకున్న నిర్ణయం ప్రకారం నిద్రలోకి జారుకుంటుంది. ఇద్దరూ తమ తమ కోడ్‌ను అక్షరాలా పాటించారు, ఫలితం మాత్రం శాశ్వత నిద్ర.

ఈ సమస్యను 1960లలోనే గుర్తించారు. జెరోమ్ సాల్ట్జర్ 1966లో ఎంఐటీకి సమర్పించిన సిద్ధాంత గ్రంథం మల్టిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం ఒక పరిష్కారం చూపింది. ప్రతి ప్రాసెస్‌కూ (నడుస్తున్న ప్రోగ్రామ్‌కూ) ఒక బిట్ కేటాయించాలి. నిద్రపోకముందే మేల్కొలుపు వస్తే ఆ బిట్ వెలుగుతుంది. ఆ తర్వాత నిద్రపోవాలని ప్రయత్నిస్తే కెర్నెల్ బిట్‌ను చూసి, ఆర్పి, నిద్ర లేకుండానే వెనక్కి పంపుతుంది. దాదాపు అదే కాలంలో కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా ప్రతిపాదించిన సెమాఫోర్ అనే సాధనం ఇదే ఆలోచనను సంఖ్యగా విస్తరించింది. ముందే వచ్చిన పిలుపులు సెమాఫోర్ లెక్కలో జమ అవుతాయి, తర్వాత వచ్చినవారు వాటిని వాడుకుంటారు.

యునిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేరే దారి పట్టింది. అందులో నిద్రకు ఒక చానల్ ఉంటుంది. అది ఒక మెమరీ చిరునామా తప్ప మరేమీ కాదు. మేల్కొలుపు ఆ చిరునామా మీద నిద్రిస్తున్న అందరినీ లేపుతుంది, ఎవరూ లేకపోతే ఆవిరైపోతుంది. దానికి జ్ఞాపకం లేదు. ఒకే ప్రాసెసర్ ఉన్న రోజుల్లో షరతు పరీక్షకు ముందే ఇంటరప్ట్‌లను ఆపేస్తే చాలు, మధ్యలో చొరబడేవారు ఉండరు. ప్రాసెసర్లు రెండైతే ఆ రక్షణ కూలిపోతుంది. ఒక ప్రాసెసర్ మీద ఇంటరప్ట్‌లు ఆపినంత మాత్రాన రెండోది ఆగదు.

యునిక్స్ తరహా కెర్నెల్ అయిన లినక్స్‌లో ఈ వారసత్వం చాలాకాలం నిలిచింది. స్లీప్ ఆన్ అనే ఫంక్షన్‌కు ఒక క్యూ (ఎదురుచూసేవారి వరుస) ఇస్తే చాలు, థ్రెడ్ ఆ క్యూలో చేరి నిద్రపోయేది. షరతును అంతకుముందే పరీక్షించుకోవడం పిలిచేవారి బాధ్యత. ఆ పరీక్షకూ ఈ నిద్రకూ మధ్య ఏ బంధమూ లేదు. మొత్తం కెర్నెల్‌ను కాపాడే ఒకే పెద్ద లాక్ ఉన్నంతకాలం, ఆ లాక్ పట్టుకుని పిలిచిన కోడ్ నెట్టుకొచ్చింది. ఆ లాక్ 2011లో 2.6.39 వెర్షన్‌తో పూర్తిగా పోయింది. స్లీప్ ఆన్ కుటుంబాన్ని తొలగించడానికి 2014 దాకా పట్టింది. సరిగ్గా వాడటం దాదాపు అసాధ్యమని అందరికీ తెలిసిన ఇంటర్‌ఫేస్ కూడా అంతకాలం బతికింది. అలాంటిదాన్ని ఒకసారి వందల డ్రైవర్లు (పరికరాలను నడిపే కోడ్) వాడటం మొదలుపెట్టాక వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో దీన్నిబట్టి తెలుస్తుంది.

ముందు ప్రకటన, తర్వాత పరీక్ష

సరైన క్రమం మొదట చూసిన అమాయక క్రమానికి తలకిందులుగా ఉంటుంది. థ్రెడ్ ముందుగా వెయిట్ క్యూలో తన పేరు నమోదు చేసుకుంటుంది. తర్వాత తన స్థితిని నిద్ర అని మార్చుకుంటుంది, ఇంకా నడుస్తూ ఉండగానే. అప్పుడు షరతును పరీక్షిస్తుంది. నెరవేరకపోతేనే, ఎప్పుడు ఏ థ్రెడ్ నడవాలో నిర్ణయించే షెడ్యూలర్‌ను పిలిచి ప్రాసెసర్‌ను వదులుతుంది. లేచాక మళ్లీ మొదటికి వచ్చి పరీక్షిస్తుంది.

ఈ క్రమం ఎందుకు పనిచేస్తుందో ఓపికగా చూడటం అవసరం, ఎందుకంటే మిగతా కథంతా దీని మీదే నిలబడింది. లేపేవాడు రావడానికి ఉన్న అవకాశాలు తక్కువే. అతడు థ్రెడ్ పరీక్షకు ముందే షరతును మార్చేసి ఉంటే పరీక్షలోనే ఆ సంగతి తెలుస్తుంది, థ్రెడ్ నిద్రపోదు. పరీక్ష తర్వాత మారిస్తే, అప్పటికే క్యూలో థ్రెడ్ పేరు ఉంది, స్థితి నిద్ర అని ఉంది. కాబట్టి లేపేవాడికి అది కనిపిస్తుంది, స్థితిని మళ్లీ నడుస్తున్నట్టుగా మారుస్తాడు. ఆ తర్వాత థ్రెడ్ షెడ్యూలర్‌ను పిలిచినా, నడుస్తున్న స్థితిలో ఉన్న థ్రెడ్‌ను షెడ్యూలర్ వరుస నుంచి తీసేయదు. ఎడం ఇప్పటికీ ఉంది, కానీ అందులో జరిగిన పిలుపు వృథా కాదు. లినక్స్‌లో వెయిట్ ఈవెంట్ మాక్రో చేసేది ఇదే. అది షరతును ఒక వ్యక్తీకరణగా తీసుకుని ఈ లూప్‌ను తానే నడుపుతుంది కాబట్టి, క్రమం తప్పే అవకాశం రాసేవారికి ఇవ్వదు.

దీనికి ఒక మెలిక ఉంది. షరతును పరీక్షించే కోడే నిద్రపోగలిగేదైతే, ఉదాహరణకు లోపల ఒక మ్యూటెక్స్ (దొరికేదాకా నిద్రపుచ్చే లాక్) పట్టుకోవలసి వస్తే, ఆ లోపలి నిద్ర ముగిసేసరికి బయటి నిద్ర స్థితి చెరిగిపోతుంది. థ్రెడ్ నిద్రపోకుండా గిరగిర తిరుగుతుంది. 3.19 వెర్షన్ నుంచి లినక్స్ ఇలాంటి చోట్ల హెచ్చరిక ఇవ్వగలుగుతోంది. అలాంటి కోడ్ కోసం అదే వెర్షన్‌లో వెయిట్ వోకెన్ అనే పద్ధతి కూడా వచ్చింది. అది స్థితి మీద కాకుండా, మేల్కొలుపు వచ్చిందని గుర్తుపెట్టుకునే ఒక జెండా మీద ఆధారపడుతుంది. సాల్ట్జర్ బిట్ యాభై ఏళ్ల తర్వాత కొత్త చోట అవసరపడింది.

ప్రాసెసర్ చేసే తారుమారు

క్రమం సరిగ్గా రాసినంత మాత్రాన పని పూర్తి కాదు. రాసిన క్రమంలోనే మెమరీకి చేరుతుందన్న హామీ ఆధునిక ప్రాసెసర్‌లో లేదు. అందులోని ప్రతి కోర్‌కూ (విడిగా సూచనలు నడిపే భాగానికీ) ఒక స్టోర్ బఫర్ ఉంటుంది. రాసిన విలువ మొదట అందులో చేరుతుంది, మిగతా కోర్లకు కొంత ఆలస్యంగా కనిపిస్తుంది. ఈలోగా అదే కోర్ తర్వాతి చదువును ముగించేయగలదు.

ఇప్పుడు రెండు పక్షాలనూ పక్కపక్కన పెడదాం. నిద్రపోయే థ్రెడ్ తన స్థితిని రాసి, షరతును చదువుతుంది. లేపే థ్రెడ్ షరతును రాసి, స్థితిని చదువుతుంది. ఇద్దరి రాతలూ స్టోర్ బఫర్లలోనే ఉండగా ఇద్దరూ చదివితే, ఇద్దరికీ పాత విలువలే కనిపిస్తాయి. షరతు నెరవేరలేదని ఒకరు నిద్రపోతారు, నిద్రపోయేవారు లేరని మరొకరు వెళ్లిపోతారు. క్రమాన్ని ఎంతో జాగ్రత్తగా అమర్చి మూసేశామనుకున్న ఎడాన్ని హార్డ్‌వేర్ మళ్లీ తెరుస్తుంది. కఠినమైన క్రమానికి పేరుపడ్డ ఎక్స్86 ప్రాసెసర్ కుటుంబం కూడా ఈ ఒక్క తారుమారును అనుమతిస్తుంది. రాత తర్వాతి చదువు ఆ రాత కన్నా ముందు జరిగిపోవచ్చు. నిద్ర, మేల్కొలుపు తర్కానికి కావలసింది సరిగ్గా ఆ క్రమమే కావడం దురదృష్టం.

మందు పూర్తి మెమరీ బ్యారియర్. రాత అందరికీ కనిపించేదాకా తర్వాతి చదువు మొదలుకాకూడదని ప్రాసెసర్‌కు అది ఆదేశిస్తుంది. ఇది రెండు పక్షాల్లోనూ ఉండాలి, ఒకవైపు ఉంటే చాలదు. లినక్స్‌లో స్థితిని నిద్రగా మార్చే మాక్రోలోనే బ్యారియర్ ఇమిడి ఉంది. లేపే పక్షంలోనే ఎక్కువమంది జారిపడతారు. క్యూ లాక్ పట్టుకుని మామూలుగా లేపితే చిక్కు లేదు. క్యూలో ఎవరూ లేనప్పుడు లాక్ ఖర్చు ఎందుకని, ముందుగా క్యూ ఖాళీయేమో చూసి తప్పుకునే దగ్గరిదారి తీసుకుంటే, షరతు రాసిన తర్వాత, క్యూను చూసే ముందు బ్యారియర్ తప్పనిసరి. కెర్నెల్ మూలంలో ఆ ఫంక్షన్ పక్కనే ఈ హెచ్చరిక వ్యాఖ్యగా రాసి ఉంది. అయినా మరిచిపోయిన కోడ్ పదేపదే పుట్టుకొస్తూనే ఉంటుంది.

ఫ్యూటెక్స్ కథ దీనికి గట్టి ఉదాహరణ. యూజర్ ప్రోగ్రామ్‌ల లాక్‌లకు ఆధారమైన ఈ యంత్రాంగం 2.6 కెర్నెల్‌తో అందరికీ అందింది. దాని రూపకల్పన చక్కనిది. నిద్రపోవాలనుకున్న థ్రెడ్ ఒక మెమరీ చిరునామాతో పాటు, అక్కడ ఉంటుందని తాను అనుకుంటున్న విలువను కూడా కెర్నెల్‌కు ఇస్తుంది. కెర్నెల్ తన అంతర్గత లాక్ పట్టుకుని ఆ విలువను మళ్లీ చదువుతుంది, అప్పటికే మారిపోయి ఉంటే నిద్రపోనివ్వకుండా వెనక్కి పంపుతుంది. నిద్రతో పాటే షరతునూ అప్పగించడమే ఇందులోని బలం.

2014 జనవరిలో దీనికి ఒక వేగవర్ధక మార్పు చేశారు. ఎదురుచూసేవారు లేనప్పుడు లేపే పక్షం ఆ అంతర్గత లాక్‌ను పట్టుకోకుండానే తప్పుకోవచ్చు. పైన చెప్పిన దగ్గరిదారి ఇదే, కాబట్టి బ్యారియర్ కావాలి. దాన్ని చేర్చారు కూడా, కానీ ఫ్యూటెక్స్ రకాన్ని బట్టి శాఖలుగా చీలే ఒక స్విచ్ వాక్యంలో. ఒకే ప్రాసెస్‌కు పరిమితమైన ప్రైవేట్ ఫ్యూటెక్స్‌లు ఆ శాఖల్లో దేనిలోకీ రావు. వాటికి బ్యారియర్ దక్కలేదు. ఆచరణలో ఎక్కువగా వాడేది ఆ రకాన్నే. ఆ ఏడాది అక్టోబరులో చేరిన సవరణ చాలా చిన్నది. స్విచ్‌కు ఒక డిఫాల్ట్ శాఖ పెట్టి అందులో బ్యారియర్ రాశారు. ఆలోగా లోపంతో కూడిన కోడ్ కొన్ని దీర్ఘకాల మద్దతు కెర్నెళ్లలోకి చేరిపోయింది. 2015లో కూడా జావా సర్వర్ల థ్రెడ్లు, ఎవరి చేతిలోనూ లేని లాక్ కోసం ఎదురుచూస్తూ ఆగిపోయిన ఉదంతాలు బయటపడ్డాయి. అప్లికేషన్ రాసినవారు తమ కోడ్‌లో ఎంత వెతికినా దొరకని దోషం అది.

పిలుపును ఎంతవరకు నమ్మాలి

లేచిన థ్రెడ్ షరతు నెరవేరిందని నమ్మవచ్చా? టోనీ హోర్ 1974లో వివరించిన మానిటర్లలో (డేటాను, దాని లాక్‌ను, ఎదురుచూపును కలిపి ఉంచే నిర్మాణాల్లో) నమ్మవచ్చు. పిలుపు ఇచ్చిన వెంటనే లాక్ నేరుగా లేచినవారి చేతికి వెళ్తుంది, మధ్యలో మూడోవారు దూరలేరు. లాంప్సన్, రెడెల్ 1980లో వివరించిన, మీసా అనే ప్రోగ్రామింగ్ భాషలోని పద్ధతి దీన్ని వదులుకుంది. అక్కడ పిలుపు ఒక సూచన మాత్రమే. లేచిన థ్రెడ్ నడిచేలోగా మరొకరు వచ్చి డేటాను తీసుకుపోయి ఉండవచ్చు, కాబట్టి లూప్‌లో మళ్లీ పరీక్షించాలి. సిద్ధాంతంగా హోర్ పద్ధతి అందమైనది. ఆచరణలో గెలిచింది మీసాయే, గెలవడం న్యాయం కూడా. యునిక్స్ తరహా సిస్టమ్‌ల ఉమ్మడి ప్రమాణమైన పాసిక్స్ ఇంకో అడుగు ముందుకు వేసి, ఎవరూ పిలవకుండానే కండిషన్ వేరియబుల్ (షరతు కోసం ఎదురుచూసేందుకు వాడే సాధనం) మీది నిద్ర ముగియవచ్చని స్పష్టంగా అనుమతించింది.

దీని వెనుక ఉన్న లెక్క సూటిగా ఉంటుంది. అనవసరంగా ఒకసారి లేస్తే కొన్ని మైక్రోసెకన్లు వృథా అవుతాయి. అవసరమైనప్పుడు లేవకపోతే ప్రోగ్రామ్ ఆగిపోతుంది. నిద్రపోయే ప్రతి కోడూ అకారణ మేల్కొలుపును తట్టుకునేలా రాస్తే, లేపేవారికి సందేహం వచ్చినప్పుడల్లా లేపే స్వేచ్ఛ దొరుకుతుంది. లినక్స్ కెర్నెల్ ఆ స్వేచ్ఛను నిజంగానే వాడుకుంటుంది. లాక్‌లు పట్టుకుని ఉండగా లేపవలసిన థ్రెడ్లను ఒక జాబితాలో పెట్టి, లాక్‌లు విడిచాక ఒకేసారి లేపే పద్ధతి ఉంది. అప్పటికి ఆ థ్రెడ్ వేరే పనిలోనో, వేరే నిద్రలోనో ఉండవచ్చు. అయినా ఫర్వాలేదు, ప్రతి నిద్రా లూప్‌లోనే ఉంటే.

స్థితి లేకుండా పిలుపును మాత్రమే నమ్మితే ఏమవుతుందో విండోస్‌లోని పల్స్ ఈవెంట్ చూపిస్తుంది. ఆ ఫంక్షన్ ఒక ఈవెంట్‌ను క్షణంపాటు వెలిగించి, అప్పుడు ఎదురుచూస్తున్న థ్రెడ్లను వదిలి, వెంటనే ఆర్పేస్తుంది. కెర్నెల్ తన అంతర్గత పని కోసం ఎదురుచూస్తున్న థ్రెడ్‌ను కాసేపు ఆ స్థితి నుంచి బయటికి తీసి మళ్లీ పెట్టవచ్చు. సరిగ్గా ఆ వ్యవధిలో పల్స్ వస్తే ఆ థ్రెడ్‌కు అది అందదు. ఈ ఫంక్షన్ నమ్మదగినది కాదని, కొత్త అప్లికేషన్లలో వాడవద్దని మైక్రోసాఫ్ట్ పత్రాలే చెబుతాయి. వాడేవారి పొరపాటుతో సంబంధం లేకుండా, ఇంటర్‌ఫేస్ రూపమే లోపభూయిష్ఠం కావడానికి ఇంతకన్నా మంచి నిదర్శనం దొరకదు.

ఒక్కరినే లేపాలనుకున్నప్పుడు

అందరినీ లేపడం క్షేమం, కానీ ఖరీదైనది. ఒకే సాకెట్ (నెట్‌వర్క్ కనెక్షన్లు వచ్చే ద్వారం) మీద వందల థ్రెడ్లు ఎదురుచూస్తుంటే, వచ్చిన ఒక్క కనెక్షన్ కోసం అన్నీ లేచి, ఒకటి తప్ప మిగతావన్నీ మళ్లీ నిద్రపోతాయి. అందుకే లినక్స్ వెయిట్ క్యూలో ప్రత్యేక నిరీక్షణ అనే గుర్తు ఉంది. ఆ గుర్తు ఉన్నవారిలో ఒక్కరినే లేపుతారు. 2016లో 4.5 వెర్షన్‌తో, ఒకేసారి ఎన్నో సాకెట్లను గమనించే ఈపోల్‌కు కూడా ఇలాంటి వెసులుబాటు వచ్చింది.

ఇక్కడ కొత్త బాధ్యత పుడుతుంది. ఎంపికైన ఆ ఒక్క థ్రెడ్‌కు అదే క్షణంలో సిగ్నల్ (ఆగమనో, ముగించమనో బయటి నుంచి వచ్చే సందేశం) వచ్చిందనుకుందాం, లేదా గడువు ముగిసిందనుకుందాం. అది షరతును వాడుకోకుండా దోషం కోడ్‌తో వెనుదిరిగితే, దానికి ఇచ్చిన పిలుపు దానితోనే పోతుంది. పని ఉంది, చేయగల థ్రెడ్లు క్యూలో ఉన్నాయి, కానీ అన్నీ నిద్రలోనే. కాబట్టి పిలుపు అందుకున్నవారు షరతును వాడుకోవాలి, లేదా పిలుపును మరొకరికి అందించాలి. లినక్స్‌లో సిగ్నల్ వచ్చిన థ్రెడ్‌ను క్యూ లాక్ కిందనే క్యూ నుంచి తొలగిస్తారు. అందువల్ల ఆ తర్వాత వచ్చే పిలుపు దాన్ని ఎంచుకోదు. అప్పటికే ఎంపికైపోయి ఉంటే అది షరతును మళ్లీ చూసి, నెరవేరి ఉంటే విజయంతోనే తిరిగి వస్తుంది.

ఈ కోవలోని చిక్కు ఎంత లోతైనదో, లినక్స్ ప్రోగ్రామ్‌లు వాడే సీ లైబ్రరీ గ్లిబ్‌సీ అనుభవం చెబుతుంది. 2017లో వచ్చిన 2.25 వెర్షన్‌లో దాని కండిషన్ వేరియబుల్‌ను కొత్త పద్ధతిలో తిరగరాశారు. ఎదురుచూసేవారిని రెండు గుంపులుగా విడదీసే ఆ పద్ధతిలో, ఒక థ్రెడ్ తనది కాని పిలుపును తీసేసుకునే అరుదైన పరిస్థితి ఉంది. దాన్ని సరిదిద్దడానికి రాసిన భాగంలోనే పొరపాటు దొర్లింది. 2020లో దోషం నమోదైంది. టీఎల్ఏ ప్లస్ అనే గణిత వివరణ భాషలో రాసిన మోడల్‌తో దాన్ని నిర్ధారించారు కూడా. సవరణ 2025 నాటి 2.41 వెర్షన్‌తో గాని రాలేదు. ఎంతో అనుభవం ఉన్నవారు, ఎంతో జాగ్రత్తగా రాసిన కోడ్ అది.

మరో ప్రమాదం వేరే దిశ నుంచి వస్తుంది. ఈసారి మేల్కొలుపు తప్పిపోదు, త్వరగా ఫలిస్తుంది. ఎదురుచూసే థ్రెడ్ తన స్టాక్ (ఫంక్షన్ నడిచినంతసేపే ఉండే మెమరీ) మీదే ఒక సెమాఫోర్ పెట్టుకుని, పని ముగిశాక లేపమని మరొకరికి ఇస్తుంది. లేపే థ్రెడ్ సెమాఫోర్ లెక్కను పెంచగానే మొదటిది ముందుకు సాగి, ఫంక్షన్ ముగించి, ఆ స్టాక్ స్థలాన్ని వేరే పనికి వాడేసుకుంటుంది. లేపే థ్రెడ్ ఇంకా సెమాఫోర్ లోపలి పని పూర్తి చేస్తూనే ఉంటుంది, ఇప్పుడది తాకుతున్నది మరొకరి డేటాను. 2001లో 2.4.7 వెర్షన్‌లో కంప్లీషన్ అనే నిర్మాణం రావడానికి ఇదే కారణం. అందులో లేపే పని అంతా ఒక స్పిన్‌లాక్ (నిద్రపోకుండా తిరుగుతూ ఎదురుచూసే లాక్) లోపల జరుగుతుంది, లేచిన థ్రెడ్ కూడా బయటికి వెళ్లేముందు అదే లాక్‌ను పట్టుకోవాలి. కాబట్టి లేపేవారి పని ముగియకుండా ఆ మెమరీ మాయం కాదు.

ఇక ఎదురుచూపు మధ్యలో చంపగలిగేలా ఉండాలా వద్దా అన్నది కొంత విధాన నిర్ణయం. సిగ్నల్‌కు లొంగని నిద్రలో థ్రెడ్ చిక్కుకుంటే దాన్ని తొలగించే దారి లేదు. ప్రాణాంతక సిగ్నల్‌కు మాత్రమే స్పందించే మధ్యేమార్గం 2008లో 2.6.25తో వచ్చింది. లొంగని నిద్రలో 120 సెకన్లకు మించి ఉన్న థ్రెడ్‌ను గుర్తించి లాగ్‌లో రాసే కాపలా కూడా లినక్స్‌లో ఉంది. అది దోషాన్ని నివారించదు, మౌనాన్ని మాత్రం తొలగిస్తుంది. మామూలు, సిగ్నల్‌కు లొంగే నిద్రలో తప్పిపోయిన మేల్కొలుపులు దాని కంట పడవు.

సరిచూసే పద్ధతుల్లో అన్నిటికన్నా భరోసా ఇచ్చేది సాధ్యమైన క్రమాలన్నిటినీ యంత్రంతో పరిశీలింపజేయడమే. ప్లాన్ 9 అనే ఆపరేటింగ్ సిస్టమ్ రూపకర్తలు పైక్, ప్రెసొట్టో, థాంప్సన్‌లు హోల్జ్‌మన్‌తో కలిసి 1991లోనే తమ స్లీప్, వేకప్‌ల కోడ్‌ను స్పిన్ అనే మోడల్ చెకర్‌తో పరీక్షించి ప్రచురించారు. చూడటానికి కొద్ది లైన్ల కోడే. దానికి అంత శ్రమ అవసరమని ఆ స్థాయి రచయితలు భావించారు. వారి స్లీప్ ఫంక్షన్ షరతును పరీక్షించే ఫంక్షన్‌ను కూడా తనకు ఇవ్వమని అడుగుతుంది. బోధన కోసం రాసిన ఎక్స్‌వీ6 కెర్నెల్‌లో స్లీప్ షరతును కాపాడే లాక్‌ను అడుగుతుంది, నిద్ర ఖాయమయ్యాకే దాన్ని విడుస్తుంది. ఫ్యూటెక్స్ విలువను అడుగుతుంది. వేర్వేరు కాలాల్లో, వేర్వేరు చేతుల్లో రూపుదిద్దుకున్న ఈ ఇంటర్‌ఫేస్‌లన్నీ షరతు తెలియకుండా నిద్రపోనివ్వమన్న చోటికే చేరాయి.

లినక్స్‌కు ఇప్పుడు పరికరాల కొరత లేదు. 2018లో 4.17 వెర్షన్‌తో కెర్నెల్ మెమరీ మోడల్ (రాతలు, చదువులు ఏ క్రమాల్లో కనిపించవచ్చో చెప్పే నియమాలు) యంత్రం చదవగల రూపంలో మూలంలోనే చేరింది. నిద్రపోయేవారి నాలుగు లైన్లు, లేపేవారి నాలుగు లైన్లు రాసి ఇస్తే, ఇద్దరికీ పాత విలువలు కనిపించే ఫలితం సాధ్యమో కాదో అది చెబుతుంది. బ్యారియర్ ఒక్కటి తీసి మళ్లీ నడిపితే జవాబు మారడం కళ్లారా చూడవచ్చు. 2020లో 5.8తో వచ్చిన కేసీశాన్ అనే పరికరం నడుస్తున్న కెర్నెల్‌లో డేటా రేస్‌లను (ఒకే డేటాను ఇద్దరు అదుపు లేకుండా ఒకేసారి తాకడాన్ని) పట్టుకుంటుంది. అయితే డ్రైవర్లలో స్థితిని చేతితో మార్చి, షరతును చేతితో పరీక్షించి, షెడ్యూలర్‌ను నేరుగా పిలిచే కోడ్ ఇంకా ఉంది. ఏ మోడల్‌లోనూ ఎవరూ రాసి చూడని కోడ్ అది. ఆగిపోయిన సర్వర్‌కు కారణం వెతికేవారు మొదట తెరవవలసిన ఫైళ్లు అవే. వాటిలో వెయిట్ ఈవెంట్‌కో కంప్లీషన్‌కో మార్చగలిగిన ప్రతి చోటునూ, దోషం కనబడేదాకా ఆగకుండా ఇప్పుడే మార్చడం మంచిది.